రాయి వాటా

మార్చి 4, సోమవారం

మా ఆవిడ తామో వెళ్ళిపోయింది. ఇంకా చీకటి విడకముందే బస్సు. బస్సు నిండా ఆడవాళ్ళే, అందరూ స్పెయిన్‌లో స్ట్రాబెర్రీ కోతకు. పిల్లలున్న ఆడవాళ్ళనే తీసుకుంటారు, తిరిగి వస్తారన్న నమ్మకం కోసం. మొగుడు ఉండటం వాళ్ళ లెక్కలో లేదు. మా పాప హనియా బెనీ మెల్లాల్ పట్నంలో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంది. బడి అక్కడే.

బస్సు కదిలాక తామో కిటికీలోంచి చెయ్యి బయట పెట్టింది. ఊపలేదు. ఊరికే పెట్టింది.

ఉదయం పాలు 7 లీటర్లు. సాయంత్రం 4.

ఈ నోట్‌బుక్‌లో ముందు పేజీలు పాల లెక్కలవి. ఇది వెనక నుంచి రాస్తున్నాను. ఎవరికీ కాదు.

మార్చి 5

ఉదయం 5. సాయంత్రం 3. తామో పిండితే 9, 7.

మా ఆవు యాకూత నాకు చేపడం లేదు, పాలు కిందికి వదలడం లేదు. పొదుగు నిండుగా ఉంటుంది, చన్ను పట్టుకుంటే సన్నగా దారమంత వస్తుంది. తల తిప్పి తలుపు వైపు చూస్తుంది. నేనూ చూస్తాను. ఎవరూ రారు.

మా వైపు పాలు పిండేది ఆడవాళ్ళు. మగవాడు ఆవును కొంటాడు, అమ్ముతాడు, గడ్డి కోస్తాడు. పొదుగు కిందికి వెళ్ళడు. పక్కింటి హద్దా అత్త గోడ మీంచి చూసి, పలుగు పట్టిన చేతులు నాయనా నీవి, దానికి నొప్పి పుట్టదా మరి, నేనే పిండిపెడదును గానీ మోకాళ్ళు వంగవు, అని సానుభూతి చూపించింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి నవ్వుకోవడం వినిపించింది.

మార్చి 6

పాలకేంద్రంలో డబ్బా దింపుతుంటే కబ్బూర్, రా వదినా రా, ఇవాళ లేటయిందే, పొయ్యి దగ్గర పని తెమల్లేదా, అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను డబ్బా మూత తీసి నిలబడ్డాను. కబ్బూర్ చెడ్డవాడు కాదు. పాలు టెస్ట్ చేసేవాడికి నోరు ఊరికే ఉండదు.

మార్చి 8

తామో వెళ్ళేముందు మూడు సంగతులు చెప్పింది. మరిచిపోతానేమోనని రాసుకుంటున్నాను.

ఒకటి, పొదుగు గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. రెండు, తవుడు పిండాక పెట్టాలి, ముందు కాదు. మూడు, మొదటి ధారలు రాయికి.

రాయి కొట్టం గుమ్మం పక్కన ఉంది. నల్లగా, రొట్టె పెనమంత వెడల్పుగా, నున్నగా ఉంటుంది. పెళ్ళయి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులో అదీ ఒకటి. గాడిద మీద దుప్పట్లు, పళ్ళేలు, రాయి. మా అన్న అప్పట్లో, అమ్మాయితో పాటు వాళ్ళ గుమ్మం కూడా పీకి ఇచ్చారా, అని అడిగాడు. రోజూ రెండు పూటలా ఒక్కో చన్ను నుంచి మూడు ధారలు ఆ రాయి మీద పిండుతుంది. నేల కింద కంటికి కనపడకుండా ఉండే జనానికి. వాళ్ళ పేరు పైకి అనకూడదు. మీ వాటా మీకు, మా వాటా మాకు, అంటుంది. కాసేపు రాయి వైపు చూస్తుంది. తర్వాతే బకెట్టు పెడుతుంది.

నేనూ అలాగే చేస్తున్నాను. ఆ మాటలు మాత్రం అనడం లేదు. సిగ్గు.

మార్చి 10, ఆదివారం

ఫోన్ చేసింది. మొదట యాకూత ఎలా ఉంది అంది. తర్వాత హనియా. తర్వాత పెరట్లో పుదీన. నేను నాలుగో వాణ్ణి. అయినా చాలాసేపు ఫోన్ పెట్టెయ్యలేదు. పక్కన ఎవరో అరబ్బీలో పోట్లాడుకుంటున్నారు, ఒక గదిలో ఆరుగురట. రోజంతా వంగి కొయ్యాలట. పండు నొక్కితే పాడవుతుందట, అందుకని బొటనవేలితో తొడిమ తుంచాలట.

రాయికి ఇస్తున్నావా, అంది. ఇస్తున్నాను అన్నాను. అప్పటికి అది నిజం.

మార్చి 12

రంజాన్ మొదలు. సూప్ నేనే కాచుకున్నాను. గోడకు పూసుకోవచ్చు, అంత చిక్కగా వచ్చింది. ఖర్జూరాలు తిని పడుకున్నాను. ఉదయం 5, సాయంత్రం 4.

మార్చి 14

తవుడు ముందే పెట్టి చూశాను. తింటూ నిలబడింది, తన్నలేదు. 7 ఇచ్చింది. తామో ఏదో అలవాటు కొద్దీ చెప్పి ఉంటుంది. ఇక ముందే పెడతాను.

మార్చి 15

ఈ రోజు రాయి మీద ధారలు పిండుతూ లెక్క వేశాను. నాలుగు చన్నులు, మూడేసి ధారలు, రెండు పూటలు. టీ గ్లాసులో కొలిచాను. రోజుకు ఐదోవంతు లీటరు. తామో వచ్చేదాకా తొంభై రోజులు అనుకుంటే పద్దెనిమిది లీటర్లు. రాయి తాగదు. పిల్లి నాకుతుంది.

పద్దెనిమిది లీటర్లకు ముప్పావు కిలో వెన్న వస్తుంది.

తామోకు నిలవ వెన్న ఇష్టం. ఉప్పేసి, కొండ వాము నీళ్ళతో కడిగి, జాడీలో మూతి కట్టి మూడు నెలలు వదిలేసిన వెన్న. బార్లీ రొట్టె మీద రాసుకుని కళ్ళు మూసుకుంటుంది. సొంత ఆవు కొన్నాక కూడా మా ఇంట్లో ఆ జాడీ నిండలేదు, పాలన్నీ కేంద్రానికే పోతాయి. ఆవు ఆమెది. రెండేళ్ళ కిందట మొదటిసారి స్పెయిన్ వెళ్ళొచ్చి కొన్నది. అంతకుముందు పిండినవన్నీ ఊళ్ళోవాళ్ళ ఆవులే, సగం పాల వాటాకు. తన ఆవు వెన్న తను ఎప్పుడూ తినలేదు.

రాయి వాటా పక్కన పెడతాను. ఆమె వచ్చేసరికి జాడీ నిండి ఉంటుంది. చెప్పను.

మార్చి 16

తెల్ల ఎనామిల్ మగ్గు ఒకటి కడిగి పెట్టుకున్నాను. మొదటి పన్నెండు ధారలు అందులోకి. రాయి ఎండిపోయి ఉంది. దాటుతుంటే ఏదోగా అనిపించింది, అంతే.

మార్చి 17, ఆదివారం

రాయికి ఇస్తున్నావా, అంది. ఇస్తున్నాను అన్నాను.

మార్చి 26

మొదటి వెన్న. పిడికెడు. జాడీ అడుగున పసుప్పచ్చగా కూర్చుంది. రెండుసార్లు మూత తీసి చూశాను.

మార్చి 31, ఆదివారం

తామో ఎక్కువ మాట్లాడలేదు. అలసటట. కుడి బొటనవేలు మాట వినడం లేదట, పొద్దున్నే దాన్ని ఎడమ చేత్తో తెరవాలట. నవ్వుతూ చెప్పింది. నీ ఆవిడ స్ట్రాబెర్రీలు పిండి పిండి చేతులు పాడుచేసుకుంటుంటే నువ్వు నా ఆవును పిండుతూ రాజాలా ఉన్నావు, అంది. నేను నవ్వాను. ఫోన్ పెట్టాక చాలా మాటలు తోచాయి.

బడికి వెళ్ళినవాణ్ణి కాదు. ఎరువు బస్తాల మీద అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో తామో అందరికీ చెప్పేది, మా ఆయన ఉత్తరం రాస్తే చివర్లో పొడిగా ఉన్న చోట నిలవ చేయండి అని రాస్తాడని. ఆ మాటే నిజమయింది. నా దగ్గర అన్నీ నిలవే.

ఏప్రిల్ 2

మగ్గులో మీగడ ఎక్కువగా కనిపిస్తోంది. చిన్న చిన్న ముద్దలుగా తేలుతోంది. కొత్త లూసర్న్ గడ్డి మహిమ అయి ఉంటుంది. వెన్న బాగా పడుతుంది.

ఏప్రిల్ 4

ఈ రోజూ అంతే. మీగడ. జాడీలో పావు వంతు అయింది.

ఏప్రిల్ 6

వెనక ఎడమ చన్ను పట్టుకోగానే తన్నింది. బకెట్టు ఎగిరిపోయింది. నాకు మోచేయి చెక్కుకుపోయింది. ఉదయం 4.

ఏప్రిల్ 7, ఆదివారం

యాకూత ఎలా ఉంది అంది. బాగుంది అన్నాను. రాయికి? ఇస్తున్నాను.

పండక్కి కొత్త బట్టలు కొనుక్కో, చిరిగిన జెల్లాబా అంగీతో మసీదుకు వెళ్ళకు, నేను లేనని ఊరంతా తెలియాల్సిన పని లేదు, అంది.

ఏప్రిల్ 9

కబ్బూర్ పాలల్లో స్పిరిట్ కలిపి ఊపాడు. విరిగిపోయాయి. నా ముఖం చూసి ఈసారి వదినా అనలేదు. అన్నా, ఇవి తీసుకోలేను, మొత్తం ట్యాంకు పోతుంది, పొదుగు చూసుకో, అన్నాడు నెమ్మదిగా. వరసలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

ఇంటికి వచ్చి చూశాను. వెనక ఎడమ భాగం ఉబ్బి ఉంది. చెయ్యి పెడితే కాలుతోంది. గట్టిగా ఉంది, కాల్చిన ఇటుక లాగా. పిండితే పసుప్పచ్చ నీళ్ళు, వాటిలో ముద్దలు. నల్ల రాయి మీద పడ్డాయి. అప్పుడు చూశాను. నల్లటి దాని మీద తెల్లటి ముద్దలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో అప్పుడు చూశాను.

అవి మీగడ కావు.

ఏప్రిల్ 10, పండగ

ఉదయం 8 గంటలు. నమాజుకు వెళ్ళొచ్చాను. కొత్త జెల్లాబా లేదు. యాకూత లేవలేదు. చెవులు చల్లగా, ముక్కు ఎండిపోయి ఉంది. నెమరు వేయడం లేదు.

ఉదయం 10. హద్దా అత్త కుంటుతూ వచ్చి చూసింది. రాయి ఎందుకు ఎండిపోయి ఉంది, అంది. చెప్పాను. ఆమె చేత్తో నోరు మూసుకుంది. వాళ్ళ నోటి దగ్గరి కూడు లాక్కున్నావా, దరిద్రుడా, వాళ్ళు ఊరుకుంటారా, నీ చేతిలో మగ్గు పగిలిపోనూ, అని తిట్టింది. పొదుగుకు బంకమట్టి, వెనిగరు పట్టించమంది. ఇనుము కాల్చి వాత పెట్టమని కూడా అంది. మట్టి పట్టించాను. వాత పెట్టలేదు.

మధ్యాహ్నం 1. పశువుల డాక్టరుకు ఆరుసార్లు ఫోన్. ఎత్తలేదు. పండగ.

మధ్యాహ్నం 3. తామో ఫోన్ చేసింది. ఎత్తలేదు. మోగుతుంటే చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆగిపోయాక కూడా.

ఏప్రిల్ 11

డాక్టరు వచ్చింది. సిహామ్ అని చిన్న వయసు అమ్మాయి, బూట్లు మోకాళ్ళ దాకా. నాలుగు గుంటలున్న పళ్ళెంలో ఒక్కో చన్ను నుంచి కొంచెం పాలు పిండి, ఊదారంగు మందు పోసి తిప్పింది. మూడు గుంటల్లో నీళ్ళలా తిరిగింది. నాలుగోది గుడ్డు తెల్లసొనలా సాగింది.

పొదుగువాపు, బాబాయ్, అంది. ఎప్పటి నుంచి ముద్దలు పడుతున్నాయి అని అడిగింది. తెలియదన్నాను. మొదటి ధారలు దేంట్లో పిండుతున్నావు అంది. మగ్గు చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్ల మగ్గులో తెల్ల ముద్ద ఎలా కనిపిస్తుంది, నల్లటిది కావాలి, అంది. అంతలో ఆమె గుమ్మం పక్కన రాయి చూసింది. ఇది ఎవరిది?

చెప్పాను. రాయి సంగతి, కింద ఉండే జనం సంగతి, వెన్న సంగతి.

ఆమె నవ్వలేదు. ఇంకేం చెప్పింది మీ ఆవిడ, అంది. తవుడు పిండాక పెట్టమంది, నేను ముందే పెట్టాను, అన్నాను. అప్పుడు నిట్టూర్చింది. పిండాక చన్ను రంధ్రం అరగంట దాకా మూసుకోదట. తవుడు పెడితే ఆవు ఆ అరగంటా నిలబడి తింటుంది. ముందే తినేసిన ఆవు పిండగానే పడుకుంటుంది, తడి గడ్డిలో, పేడలో. కంటికి కనిపించని బ్యాక్టీరియా ఆ దారినే పైకి పోతుంది. పూర్తిగా పిండకుండా మిగిలిన పాలు దానికి మేత. ఇంట్లో ఇంత డాక్టరును పెట్టుకుని నాకెందుకు ఫోన్ చేశావు బాబాయ్, ఆవిడనే అడగాల్సింది, అంది.

అడగలేనన్నాను.

మందు ట్యూబు చన్ను లోపలికి ఎక్కించడం నేర్పింది. ఇంజెక్షన్ ఇచ్చింది. రెండు గంటలకోసారి ఆ భాగం ఖాళీ చెయ్యాలి. పాలు ఒక్క చుక్క ఎవరికీ పోయకూడదు, మందు ఆపాక కూడా వారం. వెన్న పారెయ్యమంది. మొదట్లో తీసింది మంచిదే కదా అన్నాను. జబ్బు ఏ రోజు మొదలయిందో చెప్పు, దానికి ముందుది ఉంచుకో, అంది.

ఏ రోజో తెలియదు. రాయికి తెలిసి ఉండేది.

ఏప్రిల్ 12

జాడీని బార్లీ చేను గట్టున పూడ్చాను. జాడీతో సహా.

ఏప్రిల్ 14, ఆదివారం

పండగ రోజు ఫోన్ ఎత్తలేదేం, అంది. మసీదులో ఉన్నానన్నాను. మధ్యాహ్నం మూడింటికా, అంది. నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. తర్వాత యాకూత ఎలా ఉంది అంది. బాగుంది.

రాయికి?

ఇస్తున్నాను. ఇది మళ్ళీ నిజం. అబద్ధంలాగే ఉంది.

ఏప్రిల్ 15

ఉదయం 6, 8, 10 గంటలకు. మధ్యాహ్నం 12, 2, సాయంత్రం 4, 6. ప్రతిసారీ చీము నీళ్ళే. గోతిలో పోసి మట్టి కప్పుతున్నాను. జ్వరం తగ్గింది. కొంచెం గడ్డి తింది.

ఏప్రిల్ 18

దాని పక్కన కూర్చున్నప్పుడల్లా తామో ఎలా కూర్చునేదో గుర్తు చేసుకుంటాను. నుదురు ఆవు డొక్కకు ఆనించి, కళ్ళు మూసుకుని. పదకొండేళ్ళు ఆమె పాలు పిండుతుంటే గుమ్మంలో నిలబడి మాట్లాడాను. నీళ్ళు వదిలారా, బీట్‌రూట్ ఎప్పుడు తవ్వుతారు, ఇలాంటివే. ఆమె వీపుతో మాట్లాడాను. ఇప్పుడు ఆమె ఉన్న చోట కూర్చున్నాను. తల కొంచెం పక్కకు తిప్పితే ఇక్కడి నుంచి గుమ్మం కనిపిస్తుంది. ఖాళీగా.

ఇక్కడి నుంచి రోజూ నన్నే చూసేదన్న మాట.

ఏప్రిల్ 28, ఆదివారం

డాక్టరు మళ్ళీ చూసింది. మిగతా మూడూ బాగున్నాయి. వెనక ఎడమది పోయింది. ఇక రాదు, లోపల కండ గట్టిపడిపోయింది, అంది. ఆవు బతికింది, దానికి సంతోషించు బాబాయ్. ప్రాణాలు పోయినవి ఈ నెలలోనే రెండు చూశాను.

సాయంత్రం తామో ఫోన్. బాగుంది, బాగుంది, బాగుంది. మూడు బాగున్నాయి అని చెప్పాల్సింది.

మే 5

ఉదయం 6. సాయంత్రం 4. కేంద్రం మళ్ళీ తీసుకుంటోంది. కబ్బూర్, వదిన కోలుకుంది, అని అందరికీ ప్రకటించాడు. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

మే 14

కాలువకు నీళ్ళు వదలలేదు. లూసర్న్ ఎండుతోంది. సగం ఊరు ఆవుల్ని అమ్ముతోంది.

కబ్బూర్ నన్ను పక్కకు పిలిచాడు. అన్నా, తామో వదినకు మూడు చన్నుల ఆవును చూపిస్తావా? శనివారం సంతలో ఎర్ర మచ్చల ఆవులు మందలుగా ఉన్నాయి. దీన్ని కటికవాడికి తోలేసి అలాంటిదే ఒకటి పట్టుకో. మూడు నెలలు చూడలేదు కదా, ఎక్కడ గుర్తుపడుతుంది, అన్నాడు. నుదుటి మీద మచ్చ ఉంది అన్నాను. మచ్చదేముంది, దానికీ ఉండేది చూద్దాం. నేను వెతుకుతాను, అన్నాడు.

నేను వద్దనలేదు.

మే 17

వద్దనలేదు. రేపు శనివారం.

మే 18

ఉదయం 5 గంటలు. సంతకు వెళ్ళేముందు పిండాను. పొదుగు నిండుగా తోలితే దారిలో నొప్పి పెడుతుంది. మూడు చన్నుల నుంచి తొమ్మిది ధారలు రాయికి ఇచ్చాను. మీ వాటా మీకు, మా వాటా మాకు, అన్నాను. పైకే అన్నాను. ఎవరూ లేరు. తర్వాత నుదురు దాని డొక్కకు ఆనించాను. అలసిపోయి ఆనించాను, ఇంకే ఉద్దేశమూ లేదు.

చేపింది.

చన్నులు చేతిలోనే బిగుసుకుని నిండాయి. దారంలా కాదు, తాడులా వచ్చాయి పాలు. నురగ బకెట్టు అంచు దాకా లేచింది. యాకూత తలుపు వైపు చూడలేదు. నెమరు వేస్తూ నిలబడింది. మూడు చన్నుల నుంచి 8.

పాలు వడగట్టి పెట్టి, దాన్ని తోలుకుని సంతకు వెళ్ళాను. కబ్బూర్‌తో వద్దనలేదు కదా. అచ్చం అలాంటి ఆవు ఒకటి ఉంది. నుదుటి మీద మచ్చ కూడా ఉంది. కటికవాడు యాకూత వెన్ను మీద చరిచి, ఇది చర్మమూ ఎముకలే, ఇంతకుముందు ఏం తినిపించావు దీనికి, కాగితాలా, అన్నాడు. ఎండలో మిట్టమధ్యాహ్నం దాకా నిలబడ్డాను. ఆ రెండో ఆవు నన్ను చూసింది. ఏ తప్పూ లేని ఆవు. దాని పొదుగు కింద కూర్చుని తామో నుదురు ఆనిస్తుంది. మచ్చ చూసి మోసపోతుందేమో. చెయ్యి వేసిన తర్వాత మోసపోదు. ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూస్తుంది.

యాకూతను తోలుకుని ఇంటికి వచ్చాను. కబ్బూర్ వెనక నుంచి, పిచ్చోడా, పొదుగుతో పాటు బుర్ర కూడా ఎండిపోయిందా, అని కేకేశాడు.

మే 19, ఆదివారం

చెప్పేశాను. మగ్గు దగ్గర మొదలుపెట్టి సంత దాకా. ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు.

హలో అన్నాను. ఊఁ అంది. తర్వాత మాట్లాడతానంది. పెట్టేసింది.

మే 20

ఉదయం 7. సాయంత్రం 5.

మే 22

7. 5.

మే 26, ఆదివారం

ఫోన్ రాలేదు. నేను చేస్తే ఆపి ఉంది. హద్దా అత్త గోడ మీంచి, ఏమంది, అంది. ఏమీ అనలేదన్నాను. అయితే గట్టిగానే అంది, అని లోపలికి వెళ్ళిపోయింది.

మే 29

పుదీన కోయకుండా వదిలేశాను. పూత పట్టింది. ఆమె ఎప్పుడూ పూత పట్టనివ్వదు. రేపు కోస్తాను.

మే 30

కోయలేదు.

జూన్ 2, ఆదివారం

ఫోన్ లేదు. సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండు నిమిషాల పదకొండు సెకన్లు. ఎన్నిసార్లు విన్నానో రాయను.

అసలు సంగతి ఇది. వాళ్ళమ్మ ఆ రాయి ఇచ్చేటప్పుడు చెప్పిందట. రాయి ఆవు కంటే ముందే చెబుతుంది, రోజూ చూసుకో అని. మరి కింద ఉండే జనం మాటేమిటని తామో అడిగిందట. అప్పుడు వాళ్ళమ్మ నవ్వి, పాలు చూడవే అంటే ఆడపిల్ల బద్ధకించిన రోజు చూడదు, వాళ్ళ వాటా అంటే జ్వరంతో ఉన్నా మానదు, అందట. నీకు వాటా మాటే చెప్పాను, పాలు చూసుకోమన్న మాట చెప్పలేదు, తప్పు నాది కూడా, అంది. నువ్వు లెక్కల మనిషివి, కనపడని వాళ్ళకు భయపడవని నాకు తెలియాల్సింది. తెలిసే ఉండాలి. పదకొండేళ్ళు వీపు వెనక నిలబడ్డావు, ఒక్కసారి పక్కన కూర్చోమనలేదు నేను. కూర్చుంటే ఊళ్ళో నవ్వుతారనుకున్నాను.

చివర్లో, వెన్న ఏ గట్టున పూడ్చావు, అంది. ఎవరో ఆడమనిషి పక్క నుంచి, చాలు తామో, చెయ్యి నొప్పెడుతోంది, ఎంతసేపు పట్టుకోవాలి నీ ఫోన్, అని విసుక్కుంది.

ఫోన్ ఆమె ఎందుకు పట్టుకోవాలి?

జూన్ 4

మళ్ళీ విన్నాను. ఫోన్ ఆమె ఎందుకు పట్టుకుంది?

జూన్ 9, ఆదివారం

మంగళవారం వస్తోంది. పాలకేంద్రం దగ్గర బస్సు ఆగుతుంది. పుదీన కోశాను. కొట్టంలో పొడి గడ్డి పరిచాను. రాయి కడిగాను. కొత్త జెల్లాబా కొన్నాను, పొడుగయింది, హద్దా అత్త అంచు కుట్టింది. పెళ్ళికొడుకా, కదలకుండా నిలబడు, సూది గుచ్చుకుంటుంది, అంది.

చెప్పాల్సిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. చించేశాను. ఎరువు బస్తాలా ఉంది.

జూన్ 11, మంగళవారం

మధ్యాహ్నం 2. బస్సు లేటు.

సాయంత్రం 4. వచ్చింది. చిక్కిపోయింది. ఎండకు నల్లబడింది. సంచి ఎడమ చేత్తో దించింది. కుడి చెయ్యి జెల్లాబా జేబులోనే ఉంచుకుంది. కబ్బూర్ కేంద్రం గుమ్మంలోంచి, వదినా, నీ ఉద్యోగం మీ ఆయన కొట్టేశాడు, అని అరిచాడు. తామో పెద్దగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో నేను సంచి అందుకున్నాను. చెయ్యి జేబులోంచి తీయలేదు.

ఇంట్లోకి వెళ్ళలేదు. తిన్నగా కొట్టంలోకే. యాకూత తల తిప్పి, ముక్కు ఎగరేసి, అంబా అంది. అది అలా అరవగా నేను మూడు నెలల్లో వినలేదు. తామో దాని మెడ మీద ముఖం పెట్టుకుని నిలబడింది. తర్వాత వంగి, చచ్చుబడిన భాగం మీద ఎడమ అరచెయ్యి పెట్టింది. చాలాసేపు. నేను గుమ్మంలో ఉన్నాను.

తర్వాత కుడి చెయ్యి బయటికి తీసి చూపించింది. బొటనవేలు నిటారుగా ఉంది, మణికట్టు దాకా కుట్టు. ఫోన్ రాని ఆ రెండు ఆదివారాలూ ఆపరేషన్ కోసం ఆసుపత్రిలోనే ఉందట. వంగదట ఇక, లేదా చాలా రోజులు పడుతుందట. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు, అంది. బాగుంది బాగుంది అంటూనే వచ్చాను కదా నేనూ, అని కూడా అంది.

ఎక్కడ కూర్చోవాలో ఇద్దరికీ తెలియలేదు. ఆమె జరిగింది.

సాయంత్రం 7 గంటలు

రాయి మీద తొమ్మిది ధారలు. మూడు ఆమెవి, ఎడమ చేత్తో. ఆరు నావి.

లీటర్లు కొలవలేదు.